పాత కారు, ఒంటి తుమ్ము

ఇది ఒక మహాయుద్ధం కథ. ఏళ్ళ తరబడి సాగిన ముట్టడి ఇందులో ఉంది. కుట్ర ఉంది, నమ్మకద్రోహం ఉంది, ముసలి వీరుడొకడి పతనం ఉంది. దిక్కులు ఎర్రబడిన ఒక సాయంత్రం, దుమ్ము రేపుకుంటూ కదిలిన ఒక రథం కూడా ఉన్నాయి. చదివేవాళ్ళు గుండె చిక్కబట్టుకుని కూర్చోవచ్చు.

అక్కర్లేదు, మామూలుగానే కూర్చోండి. రథమంటే మా పెదనాన్న పాత కారు. ముట్టడి అంటే దాన్ని ఉంచుకోవాలా, అమ్మేసి కొత్తది కొనాలా అని మా అరుగు మీద జరిగిన చర్చ. దిక్కులేమీ ఎర్రబడలేదు, మిరపకాయల ఘాటుకు మా కళ్ళు ఎర్రబడ్డాయి. నమ్మకద్రోహం ఒక్కటే నిజం. అది చేసింది నేను.

మా ఊరు గుంటూరు నుంచి చీరాల వెళ్ళే దారికి కొంచెం లోపలగా, నల్లరేగడి మధ్యన ఉంటుంది. వాన పడితే కాలు దిగబడి రాదు, వాన పడకపోతే నేల పగిలి కాలు అందులో ఇరుక్కుంటుంది. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. నేను పెదనాన్న ఇంట్లోనే పెరిగాను. పెదనాన్నకు మిరప ఉండేది, పత్తి ఉండేది. పిల్లల్లేరు. కారు ఉండేది.

ఆ కారు పొగాకు కొనడానికి ఈ ప్రాంతానికొచ్చిన ఒక దొరది. దొరలు వెళ్ళిపోతున్న రోజుల్లో పెదనాన్న దాన్ని కొన్నాడు. దేశానికి స్వాతంత్ర్యం, మా ఇంటికి కారు కాస్త అటూ ఇటూగా ఒకేసారి వచ్చాయి. రెండూ తెల్లవాళ్ళు వదిలేసి వెళ్ళినవే. రెంటినీ ఎలా నడపాలో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు.

దేశం సంగతి నాకు తెలియదు గానీ, కారుతో పాటు నడిపే మనిషి కూడా వచ్చాడు. ఆయన్ని అందరూ సాయిబు అనేవాళ్ళు. నేను సాయిబు మావా అనేవాణ్ణి. చీరాల దగ్గర పల్లె ఆయనది. వాళ్ళింట్లో తాతల నుంచీ దూది ఏకడం, పరుపులు కుట్టడం వృత్తి. పాతికేళ్ళ వయసుకే ఆ దూది పొడి ఆయన రొమ్ములో చేరి ఉబ్బసమైంది. ఇంకొన్నాళ్ళు దూది ఏకే విల్లు పట్టుకుంటే మనిషివి మిగలవని డాక్టరు చెప్పాడట. అందుకని దొర దగ్గర కారు తుడిచే పనిలో చేరి, తుడుస్తూ తుడుస్తూ నడపడం నేర్చుకున్నాడు.

అయితే నేర్చుకున్నది ఆ ఒక్క కారునే. దాని రెండో గేరు జారిపోకుండా ఎడమ మోకాలితో ఆనించి పట్టుకోవాలి. బ్రేకు రెండుసార్లు తొక్కితే మూడోసారికి పడుతుంది. పొద్దున్నే హ్యాండిల్ వేసి తిప్పేటప్పుడు నాలుగో తిప్పుకి చెయ్యి వెనక్కి లాక్కోకపోతే మణికట్టు విరుగుతుంది. ఇవన్నీ సాయిబు ఒంటికి తెలుసు. ఒకసారి గుంటూరులో ఒక షావుకారు తన కొత్త కారు నడిపి చూడమన్నాడు. ఆ కొత్త కారులో గేరు స్టీరింగు పక్కన ఉంటుంది. సాయిబు అలవాటు కొద్దీ కింద వెతికి వెతికి, చివరికి పక్కన కూర్చున్న షావుకారు మోకాలు పట్టుకుని ముందుకు తోశాడు. షావుకారు కదిలాడు, కారు కదల్లేదు. ఆ తర్వాత ఆయన్ని ఇంకెవరూ కారెక్కమనలేదు.

అంచేత కారు ఉన్నంతకాలం సాయిబుకు మా ఇంట్లో అన్నం, కారు షెడ్డు పక్కన గది ఉంటాయి. కారు పోతే మళ్ళీ దూది దగ్గరికే పోవాలి, ఆ దూదికి ఆయన రొమ్ము సంగతి బాగా తెలుసు. ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన విషయమే. అయినా కారు అమ్మాలా వద్దా అనే చర్చలో ఒక్కరూ దీని ఊసెత్తలేదు. టైర్ల అరుగుదల గురించి మాత్రం పూటలకు పూటలు మాట్లాడుకునేవాళ్ళు.

ఇక మిరపకాయలు. నయాపైసలు కొత్తగా చెలామణిలోకి వచ్చి, మా నాయనమ్మ వాటిని డబ్బులుగా ఒప్పుకోనన్న రోజులవి. ఆ ఏడు ఎండాకాలం మొదట్లో మా కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కల్లం నిండా ఎర్రగా, తొక్కడానికి చోటు లేకుండా. ఆ ఏటి చివరి కోత అది. పెదనాన్న కారులో కల్లం దగ్గరికొచ్చి, దిగి, మీసం దువ్వుకుంటున్నాడు. పడమటి పక్క మబ్బు పట్టింది. ఆరిన మిరపకాయ తడిస్తే తెల్లబడి తాలుకాయ అవుతుంది, ఎవడూ కొనడు. గోతాలు ఇంటి దగ్గరున్నాయి. బరకాలు ఎవరికో అరువిచ్చాం. చినుకు మొదలైంది.

"కార్లో పొయ్యండే!" అని పెదనాన్న అరిచాడు.

కూలికొచ్చిన ఆడవాళ్ళు ఒక్క క్షణం నిలబడిపోయారు. తర్వాత గంపలతో ఎత్తి, కిటికీల్లోంచి, తలుపుల్లోంచి, డిక్కీలోంచి పోశారు. ముందు సీటు నిండింది, వెనక సీటు నిండింది, స్టీరింగు మునిగింది. అద్దాలు ఎత్తేసి, తలుపులు భుజాలతో నెట్టి మూశారు. వాన రెండు రోజులు కురిసింది. ఊళ్ళో అందరి కాయలూ తెల్లబడ్డాయి. మావి మాత్రం కారులో కూర్చుని అద్దాల్లోంచి బయటికి చూస్తూ క్షేమంగా ఉన్నాయి. కారు కొన్నందుకు పెదనాన్న గర్వపడిన రోజు అదొక్కటే.

మిరపకాయలు దిగాయి గానీ వాటి ఘాటు దిగలేదు. సీట్లు తుడిచారు, కడిగారు, ఎండబెట్టారు, సాంబ్రాణి పొగ వేశారు. పొగ వేసినవాడు మూడు రోజులు జ్వరపడ్డాడు. ఆనాటి నుంచి ఆ కారులో ఎవరు కూర్చున్నా తుమ్ముతారు. పెళ్ళికి వెళ్ళినా తుమ్ములే, పరామర్శకు వెళ్ళినా తుమ్ములే. పరామర్శకు మాత్రం బాగా పనికొచ్చేది. మేం దిగేసరికే అందరి ముక్కులూ ఎర్రగా, కళ్ళు నీళ్ళతో ఉండేవి. ఎంత బాధపడుతున్నారో పాపం అనేవాళ్ళు.

ఇక్కడే మా నాయనమ్మ ప్రవేశించింది. బయల్దేరేటప్పుడు ఎవరైనా ఒక్కసారే తుమ్మితే అశుభం, వెంటనే రెండోది వస్తే శుభం, ఇది అందరికీ తెలిసిందే. అందరూ ఒంటి తుమ్ము విని, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని బయల్దేరతారు. మా నాయనమ్మ అలా సర్దుకుపోయే మనిషి కాదు. "ఘాటుకొచ్చిన తుమ్ములు కూడా లెక్కేంటమ్మా?" అని పెదనాన్న ఒకసారి అడిగాడు.

"తుమ్ము తుమ్మే అబ్బాయ్. ఎందుకు తుమ్మావని దేవుడు అడగడు" అంది.

అప్పట్నుంచి మా ప్రయాణాలు ఇలా మొదలయ్యేవి. వెళ్ళేవాళ్ళందరూ కారెక్కి, తలుపులేసుకుని, కదలకుండా కూర్చుని తుమ్ముతారు. నాయనమ్మ అరుగు మీద నిలబడి వింటుంది. చివర్లో ఎవరిదైనా తుమ్ము ఒంటిగా మిగిలిపోతే "ఆగండి" అంటుంది. అప్పుడు నన్ను పిలుస్తారు. నేను వెళ్ళి వెనక సీట్లో ముఖం ఆనించి, తోడు తుమ్ము తుమ్మి దిగిపోతాను. కాలేజీలో రెండేళ్ళు చదివి మానేసిన నాకు ఆ ఇంట్లో ఉన్న ఉద్యోగం అదే. డిగ్రీ ఉంటే ఇంకా బాగా తుమ్మేవాణ్ణేమో తెలియదు.

కారు మార్చాలన్న మాట ఒక అవమానంతో పుట్టింది. గుంటూరులో ఒక కమీషన్ కొట్టు షావుకారును పెదనాన్న మర్యాదకు కారెక్కించుకున్నాడు. ఆయన వీధి చివరికి వెళ్ళేలోపు పదకొండుసార్లు తుమ్మి, కళ్ళు తుడుచుకుని, "మీ సరుకు ఘాటు బాగుందండీ. ఇక శాంపిలు పంపక్కర్లేదు" అన్నాడు. నేను ముందు సీట్లో నవ్వాను. పెదనాన్న నవ్వలేదు. ఆ సాయంత్రమే అరుగు మీద చాపలు పరిచారు.

ఉంచుకుందామా, మార్చుదామా. పెదనాన్న పొద్దున ఒక మాట, మధ్యాహ్నం ఒక మాట. కారు ఒక్క తిప్పుకు స్టార్టయిన రోజు "ఇట్టాంటి ఇనుము ఇప్పుడు ఏడుందిరా" అనేవాడు. దారిలో ఆగి, ఎడ్లు కట్టి లాగించుకొచ్చిన రోజు "రేపే అమ్మేద్దాం" అనేవాడు. ఎడ్లు మాత్రం ఏమీ అనేవి కావు. వాటికి ఈ పని పాతదే.

చివరికి పొన్నూరు నుంచి ఒక బియ్యం వ్యాపారి చూసుకోవడానికొచ్చాడు. కాఫీలయ్యాయి. బేరం కుదిరింది. పెదనాన్న గొంతు సవరించుకుని, "సరే, ఇక ఆ కారు మీదే అనుకోండి" అన్నాడు.

"హాఛ్!"

కారు దగ్గర గుడ్డ పట్టుకుని నిలబడ్డ సాయిబు తుమ్మాడు. ఒక్కటే. అందరం రెండో దాని కోసం చూశాం. రాలేదు.

నాయనమ్మ తలుపు చాటు నుంచి, "అబ్బాయ్, ఒంటి తుమ్ము. ఈ నెల్లో ఆ మాటెత్తకు" అంది.

"ఘాటుకండీ" అని సాయిబు నొచ్చుకున్నట్టు చెప్పాడు.

"నువ్వేం చేస్తావులే సాయిబూ" అంది నాయనమ్మ జాలిగా. పొన్నూరాయన ఇంకో కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రెండేళ్ళలో ఇంకా ఇద్దరు ముగ్గురు వచ్చారు. ప్రతిసారీ ఖాయం అనే మాట పెదనాన్న నోటి చివరికొచ్చేసరికి షెడ్డు వైపు నుంచి ఒక్క తుమ్ము. నాయనమ్మకు ఆ కారు మన ఇల్లు వదిలి వెళ్ళడానికి ఇష్టపడటం లేదని గట్టి నమ్మకం కుదిరింది. శుక్రవారాల్లో దాని బానెట్టుకు బొట్టు కూడా పెట్టేది.

నాకు మాత్రం ఒక చిన్న లెక్క తేడా కొట్టింది. ఆ కారు వల్ల ఎవరు తుమ్మినా ఆరో ఏడో వరసగా వస్తాయి. సాయిబుకు మాత్రం ఒకటే వస్తుంది, అదీ అమ్మకం మాటకే వస్తుంది. ఇంత క్రమశిక్షణ గల తుమ్ము నేనెక్కడా చూడలేదు.

ఒకరోజు పొద్దున పెదనాన్న ఎవరితోనో కారు సంగతి మాట్లాడుతుంటే నేను షెడ్డు వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. సాయిబు చెవి మడతలో ఎప్పుడూ అత్తరు దూది పెట్టుకుని ఉండేవాడు. వాళ్ళల్లో పెద్దవాళ్ళందరూ పెట్టుకుంటారు కదా, ఎవరం పట్టించుకోలేదు. అరుగు మీద మాట ముదిరేసరికి ఆయన ఆ దూది తీశాడు. వేళ్ళ మధ్య సన్నగా వత్తిలా పేనాడు. నిదానంగా ముక్కులోకి పోనిచ్చి, ఒక్క తిప్పు తిప్పాడు.

"హాఛ్!"

దూదిని మళ్ళీ చెవిలో పెట్టుకుని ఇటు తిరిగాడు. నన్ను చూశాడు.

"అబ్బో, మావా! ఇదెప్పట్నుంచి?" అన్నాను.

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "చినబాబూ, మీకు దణ్ణం పెడతాను. ఎవరికీ చెప్పమాకండి."

"ఎన్నాళ్ళని తుమ్ముతావు మావా?"

"నేనుండేదెన్నాళ్ళు బాబూ? ఇంకో నాలుగేళ్ళు. అయ్యగార్ని అప్పుడు కొనుక్కోమనండి, నేను అడ్డం రాను." నవ్వబోయి మానేసి, "మా ఇళ్ళల్లో తుమ్మొస్తే దేవుడికి దణ్ణం పెట్టుకుంటామండీ, మంచిదని. మీ ఇంట్లో అపశకునం. ఆ కాస్త తేడాలోనే బతుకుతున్నా" అన్నాడు.

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఊరికే ఇవ్వలేదు.

నెలలోపే నాకు అమరావతి వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లను చూడ్డానికి కారులో బయల్దేరాలి. నాకు పెళ్ళి ఇష్టం లేదు. కారణం పెద్దదేమీ కాదు, పొద్దున్నే లేవాలి. అందరం కారెక్కి, తుమ్ములన్నీ ముగించి, జంటలు సరిచూసుకుని, నాయనమ్మ ఊఁ అన్నాక, నేను అద్దంలోంచి సాయిబును చూశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. నేను నా చెవి ముట్టుకున్నాను.

"హాఛ్!"

ప్రయాణం ఆగింది. ఆ తర్వాత సంబంధమే ఆగింది. ఆ పిల్లకు ఆ ఏడే మంచి సంబంధం కుదిరిందని విన్నాను. కాబట్టి ఆ ఒక్క తుమ్ముతో బాగుపడ్డ మనిషి ఆ పిల్లే.

అక్కడితో ఆగితే బాగుండేది. నేను ఆగలేదు. మధ్యాహ్నం ఎండలో పత్తి చేలోకి పంపబోతే చెవి ముట్టుకునేవాణ్ణి. ఇష్టంలేని చుట్టాలింటికి వెళ్ళాల్సొస్తే చెవి ముట్టుకునేవాణ్ణి. ఆయన ముక్కు లోపల పుండు పడింది. "ఇయ్యాల వద్దు బాబూ, నెత్తురొస్తంది" అని ఒకసారి అన్నాడు. "రెండో వైపు ఉందిగా మావా" అన్నాను. అప్పుడది నాకు చాలా గొప్ప జోకులా అనిపించింది. ఇప్పుడు రాస్తుంటే కూడా నవ్వొస్తోంది, అదీ అసలు చిక్కు.

చివరగా వచ్చినవాడు చీరాల నూలు వ్యాపారి. అసలైన కొనుగోలుదారు. పెళ్ళిళ్ళకు ఊరేగింపుల్లో తిప్పడానికి పాత పెద్ద కారే కావాలన్నాడు. తుమ్ములొస్తాయని చెప్తే, "పెళ్ళికొడుకు ఏడ్చినా జనం సంతోషమనే అనుకుంటారండీ" అన్నాడు. ఆయనకు బండి నడిపే అల్లుడున్నాడు, డ్రైవరు అక్కర్లేదు. పెదనాన్న ఈసారి గట్టిగా ఉన్నాడు. నాయనమ్మ చేత పంచాంగం చూపించి, వర్జ్యం వెళ్ళాక, కారుకు కొబ్బరికాయ కొట్టించి మరీ కూర్చున్నాడు. కొబ్బరికాయ కొడుతున్నప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి. అది ఘాటు కాదు, నిజంగానే. కల్లంలో ఆ వాన రోజు సంగతి చీరాలాయనకు మొత్తం చెప్పాడు. నాయనమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఎవరో చనిపోయినట్టుంది అరుగంతా.

"ఇస్తున్నానండీ" అన్నాడు పెదనాన్న.

"హాఛ్!"

అరుగు మీద గాలి ఆగిపోయింది. పెదనాన్న తల పట్టుకున్నాడు. నాయనమ్మ "రామ రామ" అంది. చీరాలాయన చేతిలో తాంబూలం అలాగే ఉండిపోయింది. ఆ నిశ్శబ్దం పెద్దదవుతూ, పెద్దదవుతూ ఉంది. అంత పెద్ద నిశ్శబ్దాన్ని ఊరికే వదిలెయ్యడం నా వల్ల ఎప్పుడూ కాలేదు.

"సాయిబు మావా, ఒకటే వేశావేం? ఇంకోటి కూడా వెయ్యి, జంటవుద్ది!" అన్నాను.

చీరాలాయన పకపకా నవ్వాడు. నాకు ఆ నవ్వు చాలా బాగుంది.

నాయనమ్మ నవ్వలేదు. "ఏంట్రా ఆ మాట? వెయ్యడమేంటి? తుమ్మేమన్నా పాచికా?"

అక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. ఏదో వాగాను నాయనమ్మా అంటే అయిపోయేది. కానీ చీరాలాయన ఇంకా నవ్వుతూ, తర్వాతి మాట కోసం నా వైపే చూస్తున్నాడు.

"ఆయన చెవిలో దూది చూడు నాయనమ్మా. అది అత్తరుకు కాదు" అన్నాను. చెప్పడంతో ఊరుకోలేదు. కండువా అంచు పేని, ముక్కు దగ్గర తిప్పి, ముఖం వంకరపెట్టి చేసి చూపించాను. చీరాలాయన స్తంభానికి ఆనుకుని పొట్ట పట్టుకున్నాడు. పాలేర్లు నవ్వారు. నేను సాయిబు వైపు చూడలేదు. ఎవరు నవ్వుతున్నారో చూసుకుంటున్నాను.

పెదనాన్న లేచి అరుగు అంచుకొచ్చాడు. "నిజమేనా సాయిబూ?"

"నిజమేనండీ."

"అన్నిసార్లూ?"

"అన్నిసార్లూనండీ."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది, తిట్లయితే రెండు రోజుల్లో అయిపోతాయి. ఆయన తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని, "అయితే ఇంకోటి తుమ్ము" అన్నాడు.

"అయ్యగారూ?"

"మా అమ్మ ముందర తుమ్ము. నువ్వు చెడగొట్టిన శకునం నువ్వే జంట చేసిపో. నీ చేత్తోనే."

సాయిబు చెవిలోంచి దూది తీశాడు. అందరూ చూస్తున్నారు. వత్తి పేనడానికి రెండుసార్లు ప్రయత్నించాడు, రెండుసార్లూ దూది విడిపోయింది. ముక్కులో పెట్టి తిప్పాడు. రాలేదు. మళ్ళీ తిప్పాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారాయి, తుమ్ము రాలేదు. "తొందర్లేదు, కానీ" అన్నాడు పెదనాన్న. పాలేర్లలో ఒకడు "రావాలి, రావాలి" అని చప్పట్లు కొట్టాడు. ఇన్నేళ్ళూ అడిగిన వెంటనే వచ్చిన తుమ్ము ఆరోజు అడుక్కున్నా రాలేదు. ఐదోసారో ఆరోసారో, దూదికి ఎర్రగా అంటుకున్నాక, వచ్చింది.

"హాఛ్!"

"శుభం" అంది నాయనమ్మ.

సాయిబు పెదాలు కదిలాయి. ఇన్నేళ్ళలో మా ముందు ఎన్నడూ పైకి అనని మాట ఆ రోజు అన్నాడు. "అల్‌హందులిల్లా" అని. తుమ్మొస్తే వాళ్ళు దేవుడికి పెట్టుకునే దణ్ణం అది. చీరాలాయన తాంబూలం అందించాడు. పెదనాన్న అందుకున్నాడు.

ఆ కారును చీరాల చేర్చాలి. నడపడం ఒక్కడికే వచ్చు. కాబట్టి దాన్ని అప్పగించే పని కూడా సాయిబుకే పడింది. ఆయన తన బట్టలు మూటగట్టుకుని వెనక సీట్లో పెట్టుకున్నాడు. కారు అప్పగించి అటునుంచి అటే ఇంటికి పొమ్మన్నాడు పెదనాన్న. తోడు నేను వెళ్ళాను. దారంతా నేను తుమ్ముతూనే ఉన్నాను, ఆయన తుమ్మలేదు. మధ్యలో రెండు మూడు జోకులు వేశాను. ఆయన "ఆఁ బాబూ" అన్నాడు, రోడ్డు మీద చూపు తియ్యకుండా.

చీరాలలో ఆ అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని సాయిబు కారు నేర్పాడు. నేనైతే ఒకటో రెండో దాచేవాణ్ణి. కారు నడవక వాళ్ళు మళ్ళీ ఈయన్నే పిలుస్తారని ఆశ పడేవాణ్ణి. ఆయన అన్నీ చెప్పాడు. మోకాలు ఎక్కడ ఆనించాలో, బ్రేకు ఎన్నిసార్లు తొక్కాలో. హ్యాండిల్ నాలుగో తిప్పు దగ్గర అల్లుడి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి మరీ, "ఇక్కడ జాగ్రత్త బాబూ, మణికట్టు పోద్ది" అన్నాడు. మధ్యాహ్నానికల్లా అల్లుడు ఒక్కడే వీధి చుట్టూ తిప్పుకొచ్చాడు. సాయిబు మూట తీసుకుని, నాకు చెయ్యెత్తి దణ్ణం పెట్టి నడిచి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూస్తాడని నిలబడ్డాను. చూడలేదు. నా రైలుకు టైమైంది.

కొత్త కారుకు పెదనాన్న మద్రాసులో పేరు రాయించాడు. వరసలో చాలామంది ఉన్నారు, మీ వంతు రావడానికి ఏళ్ళు పడుతుందన్నారు. అంతదాకా ఆయన గుంటూరుకు బస్సులో తిరిగాడు. బస్సులో ఎవరైనా ఒక్కసారి తుమ్మితే దిగుదామని లేచేవాడు. కండక్టరు కూర్చోమనేవాడు, కూర్చునేవాడు.

ఆర్నెల్లు గడిచాయి. నేను సాయిబును చూడ్డానికి బయల్దేరాను. క్షమాపణ చెప్పాలని. బస్సులో కూర్చుని మాటలు సిద్ధం చేసుకున్నాను. చాలా బాగా కుదిరాయి, ఒకచోట నాకే నచ్చి రెండుసార్లు చెప్పుకున్నాను.

ఆయన ఇంటి ముందు పందిరి కింద కూర్చుని దూది ఏకుతున్నాడు. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకున్నాడు. కనుబొమ్మలు, గడ్డం, భుజాలు అన్నీ తెల్లగా దూదితో నిండిపోయి ఉన్నాయి. విల్లు టుంగు టుంగుమని మోగుతోంది. నన్ను చూసి ఆపాడు. గుడ్డ కిందికి లాక్కున్నాడు. మనిషి సగమయ్యాడు.

"చినబాబూ! ఎండన పడి వచ్చారే. మంచినీళ్ళు తాగుతారా?"

"మావా, నేను..." అని మొదలుపెట్టాను.

ఆయనకు దగ్గొచ్చింది. ఆగమని చెయ్యెత్తాడు. దగ్గు అరనిమిషంలో ఆగే రకం కాదు. ముందుకు వంగి, విల్లును పట్టుకుని, పక్కటెముకలు ఒక్కొక్కటిగా కనబడేలా దగ్గాడు. నేను నిలబడి ఉన్నాను. నా మాటలు ఒకదాని తర్వాత ఒకటి పాడైపోయాయి. దగ్గు ఆగేసరికి ఒక్కటీ మిగల్లేదు.

"చెప్పండి బాబూ" అన్నాడు నోరు తుడుచుకుని. "పరుపా, దిండ్లా?"

"పరుపు" అన్నాను.

"పాత దూది ఏకమంటారా, కొత్తది వెయ్యమంటారా?"

"ఏది మంచిది?"

"పాతదే మంచిదండీ, మెత్తగా వస్తది. ఏకేవాడికి దుమ్మెక్కువ, అంతే."

ఆ మాట విన్నాను. నాయనమ్మ పాత పరుపు అటక మీద ఊరికే పడి ఉందని గుర్తొచ్చింది.

"అయితే పాతదే ఏకు మావా" అన్నాను.

వారం తర్వాత నాయనమ్మ పరుపు తీసుకెళ్ళి ఇచ్చాను. ఇంకో పది రోజులకు వెళ్ళి, బస్సు టాపు మీద కట్టించుకుని తెచ్చుకున్నాను. కుట్టు గట్టిగానే ఉంది. ఇలాంటి పరుపును నెలకోసారి ఎండలో వేసి, కర్రతో కొట్టి, రెండో వైపుకు తిరగెయ్యాలి. లేకపోతే లోపల దూది ఉండలు కడుతుంది.